కోతకు ముందు కొలత

లేజర్ చేయించుకుని అద్దాలు వదిలేసినవాళ్లని కదిపితే అందరూ ఆ కాసేపటి గురించే చెబుతారు. బల్ల మీద పడుకోబెట్టారు, మత్తు చుక్కలు వేశారు, రెప్ప పడకుండా క్లిప్పు పెట్టారు, వెలుగుతున్న చుక్కనే చూస్తూ ఉండమన్నారు, ఏదో మాడిన వాసన వచ్చింది, అయిపోయిందన్నారు, లేచి చూస్తే గోడ గడియారం ముళ్లు కనిపించాయి. ఏడో తరగతి నుంచి ముక్కు మీద అద్దాలు మోసినవాళ్లకి అది పండగే. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. అయితే ఈ వైద్యంలో నన్ను కట్టిపడేసిన పనితనమంతా అంతకు కొద్దిరోజుల ముందు జరిగేది. మసక వెలుతురు గదుల్లో ఒక యంత్రం ముందు గడ్డం ఆనించి, లేచి, మరో యంత్రం ముందు ఆనిస్తూ గంటల తరబడి సాగే పరీక్ష అది. ఈ కంటికి లేజర్ తగునా తగదా అని తేల్చేది అక్కడే. మంచి చేతికీ మామూలు చేతికీ తేడా తెలిసేదీ అక్కడే.

ముందు పని జరిగే చోటు ఎంతటిదో చూడాలి. నల్లగుడ్డును కప్పి ఉండే స్వచ్ఛమైన పొర కార్నియా. అడ్డంగా కొలిస్తే పన్నెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, నడిమధ్య మందం అర మిల్లీమీటరు పైచిలుకు. మైక్రాన్లలో చెప్పాలంటే చాలామందిలో 540 దరిదాపు. ఇందులో ఒక్క రక్తనాళం ఉండదు. ప్రాణవాయువును కన్నీటి ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. మొత్తం కంటి చూపుశక్తిలో మూడింట రెండొంతులు ఈ పలుచని పొర వంపు నుంచే వస్తుంది. పైన యాభై మైక్రాన్ల చర్మం, దాని కింద రెండు వందలకు పైగా వరుసల్లో పేర్చిన సన్నని పీచు. ఆ పీచు అంత క్రమంగా ఉండబట్టే వెలుతురు చెదరకుండా లోపలికి వెళుతోంది. పై చర్మం గీరుకుపోతే మూడు నాలుగు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. లోపలి పీచును తీసేస్తే మాత్రం అది తిరిగి రాదు. లేజర్ తీసేది ఆ పీచునే. ఈ వైద్యంలో కనిపించే జాగ్రత్త అంతా ఈ ఒక్క నిజం చుట్టూ అల్లుకున్నదే.

అర మిల్లీమీటరు పొర మీద చెక్కగల పనిముట్టు దొరకడమే ఒక విశేషం. మద్రాసులో పుట్టి, మద్రాస్ విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్లిన రసాయన శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్, ఐబీఎం సంస్థ పరిశోధనశాలలో శామ్యూల్ బ్లమ్, జేమ్స్ విన్‌లతో కలిసి పనిచేసేవారు. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసాన్ని ఆయన పరిశోధనశాలకు పట్టుకెళ్లి, దానిమీద 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్‌ను ప్రయోగించి చూశారు. పోల్చి చూడటానికి వాడిన ఆకుపచ్చ లేజర్ పడ్డచోట మాంసం మాడి అంచులు కమిలిపోయాయి. అతినీలలోహిత కాంతి పడ్డచోట గీసినట్టు శుభ్రమైన గాడి పడింది, చుట్టుపక్కల ఏమీ చెడలేదు. ఆ కాంతి కణానికి అణువుల మధ్య బంధాలను తెంపే శక్తి ఉంది. తెగిన ముక్కలు వేడిని పక్కకు పాకనివ్వకుండా ఆవిరై లేచిపోతాయి. బల్ల మీద పడుకున్నవాళ్లకు తగిలే వాసన అదే, కన్ను కాలుతున్న వాసన కాదు. ఒక్కొక్క తాకిడికి లేచేది మైక్రాన్‌లో దాదాపు పావు వంతు. తర్వాత మనిషి వెంట్రుక మీద వరసగా గాళ్లు చెక్కి, సూక్ష్మదర్శినిలో తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఈ ముగ్గురికీ 2013లో అమెరికా అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా జాతీయ సాంకేతిక పతకం అందింది.

కంటికి ఈ లేజర్‌ను వాడొచ్చని న్యూయార్క్ వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ 1983లో శ్రీనివాసన్‌తో కలిసి చూపించారు. కార్నియా పైనుంచి పలుచని పొరను ఫ్లాప్‌గా ఎత్తి దాని కింద చెక్కే లాసిక్ పద్ధతి క్రీట్ ద్వీపంలో ఇయోనిస్ పల్లికారిస్ చేతిలో రూపు దిద్దుకుంది. అంతకు ముందు బొగోటాలో హోసే ఇగ్నాసియో బరాకెర్ కార్నియా ముక్కను కోసి తీసి, గడ్డకట్టించి, లేతు మీద తిప్పి అరగదీసి, మళ్లీ కంటికి కుట్టేవాడు. ఎంత ఓపిక, ఎంత తెగువ! మాస్కోలో ఫ్యోదొరొవ్ చుట్టూ కిరణాల్లా గాట్లు పెట్టే పద్ధతిని 1970లలో విస్తారంగా చేశాడు. ఆ గాట్లు పెట్టిన కళ్లను అమెరికాలో పదేళ్లపాటు వెంబడించి చూస్తే, నూటికి 43 కళ్లు ఒక డయాప్టర్ (ఒక నంబరు), అంతకు మించి ప్లస్ వైపు జరిగిపోయాయి. 1996లో ఎవరెస్టు ఎక్కుతున్న బెక్ వెదర్స్ అనే అమెరికన్ వైద్యుడికి అలాంటి గాట్లున్న కళ్లు ఎత్తు మీద పనిచేయడం మానేశాయి, దారి కనపడక ఆగిపోయాడు. చేసిన రోజు బాగున్న పని పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో చూడకపోతే ఏమవుతుందో ఈ రంగం అలా నేర్చుకుంది.

ఇక పరీక్ష గదిలోకి వస్తాను. మొదటి లెక్క మందం లెక్క. చార్లెస్ మనర్లిన్ అనే ఇంజనీరు దీన్ని ఎవరైనా వేసుకోగలిగేంత సులువుగా కుదించి పెట్టాడు. చెక్కే వలయం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, మూడుతో భాగించి, పవర్‌తో గుణిస్తే ఎన్ని మైక్రాన్లు పోతాయో ఉజ్జాయింపుగా వస్తుంది. ఆరున్నర మిల్లీమీటర్ల వలయానికి ఒక్కో నంబరుకు 14 మైక్రాన్లు. మైనస్ నాలుగు సైటు, 545 మందం ఉన్న కంటిని తీసుకోండి. చెక్కడానికి 56, ఫ్లాప్‌కు 110 పోగా కింద దాదాపు 380 మైక్రాన్లు మిగులుతాయి. నిశ్చింతగా చేయొచ్చు. ఇప్పుడు మైనస్ ఎనిమిది, 490 మందం ఉన్న కన్ను. చెక్కడానికి 113, ఫ్లాప్‌కు 110. మిగిలేది 267. కింద 250 మిగిలితే చాలన్నది పాత కట్టుబాటు, కాబట్టి ఆ లెక్కన ఇది గట్టెక్కినట్టే. అయితే ఇప్పటి డాక్టర్లు ఇంకో లెక్క కూడా వేస్తారు. ఫ్లాప్, చెక్కుడు కలిపి మొత్తం మందంలో నలభై శాతం దాటకూడదని. ఈ కంట్లో అది నలభై అయిదు దాటింది. సరే, వలయాన్ని ఆరు మిల్లీమీటర్లకు తగ్గిద్దామంటారా? చెక్కేది 96కు దిగుతుంది, శాతం మాత్రం ఇంకా నలభై పైనే. పైగా వలయం ఇరుకైతే, రాత్రిపూట పాప విచ్చుకున్నప్పుడు ఎదురు బండి లైట్ల చుట్టూ వెలుగు వలయాలు కనిపించే అవకాశం పెరుగుతుంది. ఒకచోట మిగిల్చింది ఇంకోచోట ఖర్చవుతుంది. ఇలాంటి కంటికి లోపల లెన్సు అమర్చే పద్ధతి గురించి మాట్లాడి, లేజర్ మాట పక్కన పెట్టే డాక్టరు తన వ్యాపారం కన్నా మీ కంటిని ముందు పెట్టుకున్నట్టు.

మందం లెక్క బడిపిల్లలు కూడా వేయగలరు. అసలు విద్య మ్యాప్ చదవడంలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో పోర్చుగల్ వైద్యుడు ఆంతోనియో ప్లాసిడో నలుపు తెలుపు వలయాలున్న పళ్లెం ఒకటి కంటి ముందు పట్టి, కార్నియా మీద వాటి ప్రతిబింబం ఎక్కడ వంకర పోతోందో చూసేవాడు. ఈనాటి యంత్రాల్లోనూ ఆ వలయాలు వెలుగుతూ ఉంటాయి, చూసేవుంటారు. అవి ముందు వంపును చెబుతాయి. వెనక వంపు, మందం కావాలంటే ఇంకో కెమెరా కావాలి. ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్ థియోడోర్ షైంప్‌ఫ్లూగ్ ఆకాశం నుంచి తీసిన భూమి ఫొటోల్లో వంకర సరిచేయడానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక పద్ధతి కట్టుదిట్టం చేశాడు. ఏటవాలుగా ఉన్న తలం అంతటినీ ఒకేసారి స్పష్టంగా పట్టే కిటుకు అది. ఇప్పుడు అదే కిటుకుతో ఒక కెమెరా కంటి చుట్టూ రెండు సెకన్లలో తిరిగి, కార్నియాను ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి, ముందు వెనకల ఎత్తుపల్లాలను రంగుల్లో పరుస్తుంది. నేల కొలిచేవాడి ఆలోచన కంటి దాకా వచ్చింది.

ఒక డాక్టరు గారు పేరు, ఊరు మూసేసి ఒక కుర్రాడి మ్యాప్‌ను నాకు వరసగా చదివి చూపించారు. సైటు పెద్దదేం కాదు, మైనస్ మూడున్నర. అద్దాలతో చివరి గీత దాకా చదువుతాడు. మందం కూడా సరిపోతుంది. లెక్కల్లో ఎక్కడా తప్పుపట్టే పని లేదు. వంపు మ్యాప్ తెరిచారు. పై సగం పచ్చగా ఉంది, కింది సగంలో ఒక పక్కకు పసుపు కలిసింది. "ఇది కన్నీటి పొర ఆరిపోయి కూడా రావచ్చు, దీన్ని ఒక్కదాన్ని నమ్మి ఏమీ అనకూడదు" అన్నారు. రెండో కంటి మ్యాప్ పక్కన పెట్టారు. రెండు కళ్లు సాధారణంగా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. ఇక్కడ లేవు. తర్వాత అన్నిటికన్నా పలచనైన చోటు ఎక్కడుందో చూపించారు. నడిమధ్యకు దగ్గరగా ఉండాల్సింది, కిందికి, చెవి వైపుకు జరిగి ఉంది. వెనక వంపు మ్యాప్‌లో సరిగ్గా అక్కడే కొన్ని మైక్రాన్ల ఉబ్బు. చివరికి పై చర్మం మందం చూపే మ్యాప్. ఉబ్బు పైకి వస్తున్నచోట ఆ చర్మం తనంతట తానే పలచబడి, పక్కన మందమై, ఉపరితలాన్ని చదును చేసి, లోపలి జబ్బును కప్పేస్తుంది. ఈ కుర్రాడి కంట్లో అదే జరుగుతోంది. అందుకే ముందు మ్యాప్‌లో పసుపు మాత్రమే కనిపించింది, ఎరుపు కనిపించలేదు. అప్పుడు ఆయన కుర్రాడిని అడిగిన ప్రశ్న చెప్పారు: "బాబూ, కళ్లు బాగా నలుపుకుంటావా?" ఎండాకాలం వస్తే దురద, పిడికిలి పెట్టి నలుపుకుంటాడట. ఈ ఆనవాళ్లన్నీ ఒకేచోటికి వేలు చూపించాయి. కెరటోకోనస్ మొదలవుతోంది. కార్నియా నెమ్మదిగా బలహీనపడి కోనుగా ముందుకు సాగే జబ్బు అది. ఆ కంటి మీద లేజర్ పెట్టి ఇంకో 160 మైక్రాన్ల బలం తీసేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. లేజర్ వద్దన్నారు. నలుపుకోవడం మానేయమని, దురదకు చుక్కలు రాసిచ్చి, ఆరు నెలలకోసారి మ్యాప్ తీయించుకోమన్నారు.

ఆ కుర్రాడు ఆ రోజు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లి ఉంటాడు. ఆ "వద్దు" అనే మాట వెనక ఎంత పనుందో అతనికి అప్పుడు కనిపించి ఉండదు. నాకు మాత్రం ఒక మేటి శస్త్రచికిత్స చూసినట్టే అనిపించింది.

ఈ జాగ్రత్త ఊరికే పుట్టలేదు. దీని వెనక థియో సైలర్ అనే జర్మన్ వైద్యుడి జీవితమంతా ఉంది. 1985లో బెర్లిన్‌లో, చూపు లేని మనిషి కంటి మీద ఈ లేజర్‌ను మొట్టమొదట వాడినవాడు ఆయనే. 1998లో, లాసిక్ ఊపందుకుంటున్న రోజుల్లో, ఆ చికిత్స తర్వాత కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బుతున్న కళ్ల గురించి తొలి హెచ్చరికలు రాసిందీ ఆయనే. తర్వాత డ్రెస్డెన్‌లో సహచరులతో కలిసి, బి2 విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతితో పీచు పోగులను ఒకదానికొకటి గట్టిగా ముడివేసే చికిత్సను తయారుచేసి, 2003లో కెరటోకోనస్ ఆగుతుందని చూపించారు. తాను తెచ్చిన పనిముట్టు చేసే కీడును తానే ముందు గుర్తించి, మందు కూడా తానే వెతకడం ఎంతమంది వైద్యులు చేయగలరు? క్రాస్‌లింకింగ్ అనే ఆ చికిత్స ఇప్పుడు మన ఊళ్లలోనూ అందుతోంది. హైదరాబాద్‌లో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కార్నియా వైద్యానికి పేరుమోసిన చోటు. అలా కార్నియా జబ్బులను రోజూ చూసే విభాగం ఉన్న ఆసుపత్రిలో పసుపు మచ్చ కళ్లపడితే అనుమానం త్వరగా వస్తుంది. సైటు తీసే పని ఒక్కటే చేసే చోట ఆ కన్ను అలవడడం కష్టం.

ఫ్లాప్ తీసే విధానం గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే అది యంత్రం పని. ఒకప్పుడు కదిలే బ్లేడు ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఫెమ్టోసెకండ్ లేజర్. కార్నియా గుండా దేన్నీ కోయకుండా సాగిపోయి, గురిపెట్టిన లోతులో మాత్రమే చిన్నచిన్న బుడగలు పుట్టిస్తుంది. ఆ బుడగల వరుసే కోత. డాక్టరు సన్నని గరిటెతో ఆ పొరను ఎత్తి పక్కకు మడుస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ మూరూ పరిశోధనశాలలో ఒక విద్యార్థి కంటికి పొరపాటున ఇలాంటి లేజర్ తగిలితే, ఆ గాయం అంత గుండ్రంగా, శుభ్రంగా ఉండటం చూసి ఆశ్చర్యపోయిన కంటి డాక్టరు రాన్ కర్ట్జ్ దీన్ని వైద్యానికి మళ్లించారు. మూరూకు, డోనా స్ట్రిక్లాండ్‌కు ఆ లేజర్ వెనకున్న పద్ధతికి 2018లో నోబెల్ వచ్చింది. స్మైల్ పద్ధతిలో ఫ్లాపే ఉండదు, లోపల కోసిన పలుచని ముక్కను చిన్న గాటు గుండా లాగేస్తారు. పై చర్మాన్ని తుడిచేసి నేరుగా చెక్కే పాత పీఆర్‌కే ఇప్పటికీ ఉంది. నాలుగు రోజులు మంట, నీళ్లు కారడం ఉంటాయి, కానీ ఫ్లాప్ ఖర్చు ఉండదు కాబట్టి పలుచని కార్నియాకు, ముఖానికి దెబ్బలు తగిలే ఆటలాడేవాళ్లకు అదే నయం. ఏ పేరుకు ఎంత ధర అని అడిగేకన్నా, నా కంటికి ఈ పద్ధతే ఎందుకు అని అడిగితే డాక్టరు పనితనం తెలుస్తుంది.

కన్నీటి సంగతి చాలామంది పట్టించుకోరు. ఫ్లాప్ కోసినప్పుడు కార్నియాలోని నరాలు తెగుతాయి. అవి మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా కంటికి తన పొడితనం తనకు సరిగ్గా తెలియదు. కింది రెప్ప మడతలో సన్నని కాగితపు పట్టీ పెట్టి అయిదు నిమిషాల్లో ఎంత మేర తడిసిందో చూసే షిర్మర్ పరీక్ష చేస్తారే, అది లాంఛనం కాదు. రోజంతా ఏసీ గదిలో తెర ముందు కూర్చుని రెప్ప వేయడమే మరిచిపోయే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో కొందరు పరీక్షకు ముందే పొడికళ్లతో వస్తారు. ముందు దాన్ని నయం చేసి, కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మని పంపేవాళ్లు తమ పని తెలిసినవాళ్లు. పొద్దున దాకా కాంటాక్ట్ లెన్సు పెట్టుకుని వచ్చినవాళ్లని వెనక్కి పంపించడమూ అంతే. లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకారం మారుతుంది. వారం రెండు వారాలు తీసేసి ఉంచితేనే మ్యాప్ నిజం చెబుతుంది.

మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎక్కువగా పెళ్లి మాటలప్పుడో, ఉద్యోగ నోటిఫికేషన్ పడినప్పుడో లేస్తుంది. ముహూర్తం పెట్టుకుని, ఈలోగా అమ్మాయికి లేజర్ చేయించేద్దామని తొందరపడతారు. ఏడాదిగా పవర్ నిలకడగా ఉందో లేదో పాత చీటీలతో సహా చూడాల్సిన పనిని ముహూర్తం ఆగనివ్వదు. అమ్మాయి కళ్ల మీద అటువాళ్ల ముచ్చట కోసం కోత పెట్టడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. కావాలనుకోవాల్సింది ఆ పిల్ల. ఉద్యోగాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లేజర్ చేయించుకున్నవాళ్లు అర్హులు కారని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. ఆ ఉద్యోగం కోసమే సైటు తీయించుకుందామని బయల్దేరే కుర్రాళ్లకు ఈ మాట ముందే చెప్పేవాళ్లు ఉండాలి.

చేతి పని కూడా కొలతలో భాగమే. మైనస్ మూడు సైటున్న కంసాలిని తలచుకోండి. అద్దాలు తీసేస్తే 33 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది అతనికి సహజంగానే స్పష్టంగా కనిపిస్తుంది. నలభై దాటాక తోటివాళ్లంతా చత్వారం అద్దాలు వెతుక్కుంటుంటే అతను అద్దాలు తీసి రాయి పొదుగుతాడు. ఆ మైనస్ మూడును లేజర్‌తో తీసేస్తే దూరపు బోర్డులు కనిపిస్తాయి, కానీ చేతిలోని నగకు అద్దాలు కావాల్సి వస్తుంది. వయసు, వృత్తి అడగకుండా పవర్ మాత్రమే చూసే చోట ఈ నష్టం ఎవరికీ తట్టదు. ఇంకొకటి. సైటు పోయినా కన్ను పొడవు తగ్గదు. పెద్ద మైనస్ ఉన్నవాళ్ల రెటీనాకు ఉన్న ప్రమాదం లేజర్ తర్వాతా అలాగే ఉంటుంది. పాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా చూడటం అప్పుడూ మానకూడదు.

ఇన్ని జల్లెడలు దాటిన కంటికి ఫలితం ఎలా ఉంటుంది? అమెరికా ఆహార, ఔషధ సంస్థ తదితరులు చేయించి 2017లో వెలువరించిన అధ్యయనంలో 95 శాతం పైగా తమ చూపు పట్ల తృప్తిగా ఉన్నారు. అదే అధ్యయనంలో, అంతకుముందు అలాంటి ఇబ్బందులేవీ లేనివాళ్లలో 46 శాతం దాకా మూడు నెలలకు వెలుగు వలయమో, చీలిన కాంతో, ఏదో ఒకటి కొత్తగా కనిపిస్తోందన్నారు. దానివల్ల రోజు గడవడమే బాగా కష్టమైనవాళ్లు ఒక శాతం లోపే. ఈ మూడు అంకెలనూ కలిపి చదవాలి. మొదటిది ఒక్కటే చెప్పే ఏజెంటునూ, రెండోది ఒక్కటే చెప్పి భయపెట్టే చుట్టాన్నీ నమ్మకూడదు. రాత్రిళ్లు లారీ నడిపే మనిషికి ఆ రెండో అంకె బరువు వేరు, పగలు బడిలో పాఠం చెప్పే పంతులమ్మకు వేరు.

ఒకవేళ చేయించుకుంటే, కాగితాల సంగతి మరిచిపోవద్దు. ముప్పై ఏళ్ల తర్వాత శుక్లం వచ్చినప్పుడు లోపల పెట్టే లెన్సు పవర్‌ను కార్నియా వంపు నుంచే లెక్కగడతారు. లేజర్ పడ్డ కంట్లో ముందు వంపు మారి, వెనక వంపు అలాగే ఉండిపోతుంది కాబట్టి మామూలు లెక్క తప్పి, ఆపరేషన్ తర్వాత ప్లస్ సైటు మిగిలిపోవచ్చు. కంటి ప్రెషర్ కూడా పలచబడ్డ కార్నియా మీద ఉన్నదానికన్నా తక్కువ చూపించి, గ్లకోమాను దాచిపెట్టవచ్చు. కాబట్టి చికిత్సకు ముందటి వంపు, మందం, పవర్, ప్రెషర్ రాసిన కాగితం, ఎన్ని మైక్రాన్లు తీశారో రాసిన కాగితం అడిగి తీసుకుని ఇంటి పత్రాల దగ్గర పెట్టుకోవాలి. అడగకుండానే ఇచ్చే చోట్లూ ఉన్నాయి. అలాంటి ఫైలు ఒకటి చూశాను. కొలతలన్నీ ఒక పేజీకి ఎత్తి రాసి, పైన పెద్ద అక్షరాలతో "శుక్లం ఆపరేషన్ చేసే డాక్టరు గారికి" అని పెట్టారు.